నిండిన డ్యాముకూ దామాషా కావాలి

తుంగభద్ర జలాశయం నిండిన ఏడాదే కాలువ చివరి రైతుకు ఎక్కువ అన్యాయం జరుగుతుందని నేను చాలాకాలంగా నమ్ముతున్నాను. కరువు ఏడాదిలో కొరత అందరి కళ్లకూ కనిపిస్తుంది. పైవాడూ కిందివాడూ కూర్చుని, ఉన్న నీరెంత, తడపగలిగిన నేలెంత అని లెక్క వేసుకోక తప్పదు. వానలు బాగా పడి, గేట్లు ఎత్తిన ఫొటోలు పత్రికల్లో వచ్చిన ఏడాది ఆ లెక్క అడిగేవారే ఉండరు. నీళ్లు పుష్కలంగా ఉన్నాయన్న మాట ఒకసారి వ్యాపించాక, రాయచూరు వైపు చివరి డిస్ట్రిబ్యూటరీలో (ప్రధాన కాలువ నుంచి చీలే ఉపకాలువలో) పైరు పొట్టమీద ఉండగా తడి ఆగిపోయిందని ఎవరైనా చెప్పినా వినే చెవి దొరకదు.

బెంగళూరు తెలుగువారిలో ఈ కాలువ నీళ్లతో పెరిగినవారు తక్కువేమీ కాదు. 1950ల నుంచి గోదావరి, కృష్ణా డెల్టాలు వదిలి వచ్చి గంగావతి, కారటగి, సింధనూరు ప్రాంతాల్లో భూములు కొని, క్యాంపులు అని పిలిచే కొత్త ఊళ్లు కట్టుకున్న కుటుంబాల మూడో తరం ఇవాళ మారతహళ్లిలో, వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగాలు చేస్తోంది. నేనూ అలాంటి ఒక క్యాంపు నుంచి వచ్చినవాణ్నే. ఇక్కడ రాసేది మావాళ్లకు రుచించకపోవచ్చు. అయినా ఇది మాలో ఒకరు చెబితేనే బాగుంటుంది.

నేపథ్యం పాఠకులకు తెలిసిందే. 2023 కరువు తర్వాత 2024లో వానలు ఆదుకున్నాయి. ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయినా, స్టాప్‌లాగులు దించి నీటిని నిలిపారు, జలాశయం మళ్లీ కోలుకుంది. 2025లో వర్షాలు ముందే వచ్చినా గేట్ల పరిస్థితి చూసి 105.78 టీఎంసీల జలాశయంలో నిల్వను 80 టీఎంసీల దగ్గర ఆపారు. గేట్లు మార్చాలి కాబట్టి రెండో పంటకు నీరు లేదన్నారు. కొత్త గేట్లతో జలాశయం నిండుగా నిలిచే రోజు ఎలాగూ వస్తుంది. ఆ నీటిని ఎలా పంచుతారన్నది ఇప్పుడే తేల్చుకోవాలి.

తుంగభద్ర బోర్డు ఏటా జలాశయంలోకి రాబోయే నీటిని అంచనా వేసి, కృష్ణా జలాల పంపకం తేల్చిన బచావత్ ట్రిబ్యునల్ ఖరారు చేసిన వాటాల ప్రకారం రాష్ట్రాలకు దామాషాలో పంచుతుంది. ఎగువ కాలువ కింద ఆంధ్రప్రదేశ్ వాటా 32.5 టీఎంసీలు, దిగువ కాలువ కింద 24 టీఎంసీలు. లభ్యత తగ్గితే అదే నిష్పత్తిలో అందరికీ తగ్గుతుంది. సీజను నడుమ అంచనా మారితే వాటాలూ మారతాయి. రాష్ట్రాలు దశాంశాల వరకు తగువులాడి సాధించుకున్న న్యాయం ఇది, దీన్ని నేను మనస్ఫూర్తిగా గౌరవిస్తాను. అయితే ఆ దామాషా కాలువ తల దాకా వచ్చి అక్కడే ఆగిపోతుంది. మునీరాబాద్ దగ్గర మొదలై 227 కిలోమీటర్లు సాగే ఎడమ ప్రధాన కాలువ మీద, సుమారు ఆరు లక్షల ఎకరాల ఆయకట్టులో, మొదటి తూము రైతుకూ చివరి తూము రైతుకూ మధ్య అమలయ్యే నిష్పత్తి ఏదీ లేదు. నీటి విడుదలను నిర్ణయించే నీటిపారుదల సలహా కమిటీ (ఐసీసీ) సమావేశం ప్రకటించేది ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఎన్ని క్యూసెక్కులు వదులుతారన్నది, అంటే తల దగ్గరి కొలత. మాన్వి, సిరివార, రాయచూరు రైతులు రోడ్డెక్కి అడిగేది 69వ మైలు దగ్గర, 104వ మైలు దగ్గర గేజీ (నిర్ణీత నీటి మట్టం) నిలపమని, అంటే తమ దగ్గరి కొలత. ఈ రెండు కొలతల మధ్య మాయమయ్యే నీటికి ఎవరూ జవాబుదారీ కారు. కర్నూలు, అనంతపురం జిల్లాల చివరి ఆయకట్టుదీ ఇదే గోడు. కాగితం మీది వాటా వేరు, సరిహద్దు దాటి వచ్చే నీరు వేరు. రెండు రాష్ట్రాల మధ్య వర్తించే న్యాయం ఒకే కాలువ మీది ఇద్దరు రైతుల మధ్య ఎందుకు వర్తించకూడదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మధ్యలో నీరు మాయమయ్యేది వరి మళ్లలోకేనని అందరికీ తెలుసు. ఈ ప్రాజెక్టును రూపొందించింది కరువు నేలను విస్తారంగా తడపడానికి. ఏ సర్వే నంబరులో ఏ పంట వేయాలో లోకలైజేషన్ పేరిట నిర్ణయించినప్పుడు వరికి ఇచ్చింది చిన్న భాగమే, మిగిలినదంతా జొన్న, వేరుశనగ, పత్తి వంటి ఆరుతడి పంటలకు. డెల్టా నుంచి వచ్చిన మా పెద్దలకు తెలిసిన వ్యవసాయం వరి. నల్లరేగడిని చదును చేసి మళ్లు కట్టారు, రెండు పంటలు తీశారు, ఆ ప్రాంతం రూపురేఖలే మార్చారు. వాళ్ల కష్టాన్ని తక్కువ చేసే మాట ఒక్కటి కూడా నా నోట రాదు. కానీ ఒక టీఎంసీ నీటితో స్థూలంగా ఆరు వేల ఎకరాల వరి పండితే, అదే నీటితో పది వేల ఎకరాల ఆరుతడి పంట పండుతుంది. ఆ తేడాలోని నాలుగు వేల ఎకరాలు ఎవరివో మా క్యాంపుల్లో ఎప్పుడూ మాట్లాడుకోలేదు. అవి కాలువ చివర ఎండిన భూములే.

నది ప్రవాహం ముందుగా ఎవరికీ తెలియదని, జూన్‌లో ఎకరాల లెక్క ప్రకటించి సెప్టెంబరులో మాట తప్పితే రైతు మరింత మునుగుతాడని ఇంజినీర్లు అంటారు. గంగావతి మిల్లులూ కూలీల బతుకూ వరి మీదే ఉన్నాయన్నదీ నిజం. అందుకే నేను అడిగేది గరిష్ఠ హామీ కాదు, ఎంత వానలు వెనకబడ్డా ఇవ్వగలమనే కనిష్ఠ హామీ. ఆపైన వచ్చినది అదనం. నీరు ఎంత వస్తుందో తెలియదన్న బోర్డే రాష్ట్రాలకు తాత్కాలిక అంచనాతో వాటాలు వేయగలుగుతున్నప్పుడు, డిస్ట్రిబ్యూటరీలకు వేయడం అసాధ్యమంటే నమ్మలేను.

ఈ సందర్భంలో బెంగళూరుకు తూర్పున, ఉత్తరాన ఉన్న కోలారు, చిక్కబళ్లాపురం జిల్లాల తెలుగు పల్లెల్లో ఉండిన నీరుగంటిని తలచుకోకుండా ఉండలేను. చెరువులో నీటి మట్టం చూసి, ఈసారి ఆయకట్టులో ఎంత భాగం సాగవుతుందో ఊరికి చెప్పేవాడు ఆయనే. నీరు చాలని ఏడాది తూముకు దగ్గరి నేలను మాత్రమే సాగులోకి తెచ్చి, ఆ నేలను ఆయకట్టు రైతులందరికీ వారి వారి భూమి నిష్పత్తిలో పంచేవారు. కింది మడి రైతుకూ పైనున్న తడి నేలలో ఒక ముక్క దక్కేది. దీన్నే దామాషా అన్నారు. మడికీ మడికీ నీరు కట్టేది నీరుగంటి ఒక్కడే, భూస్వామి అయినా తూము మీద చెయ్యి వేయడానికి వీల్లేదు. చాలా ఊళ్లలో ఈ పని చేసింది దళిత కుటుంబాలు. వారికి దక్కింది కల్లంలో కొలిచిచ్చిన గింజలు. ఊరి కట్టుబాట్లు ఎన్ని విధాల అణచివేసినా, నీటి విషయంలో మాత్రం ఆ మనిషి మాట చెల్లింది, ఎందుకంటే పంపకంలో ఆయనకు సొంత లాభం లేదు. బోరుబావులు వచ్చి చెరువు మీద ఆధారం తగ్గాక ఆ వృత్తీ పోయింది, ఆ నమ్మకమూ పోయింది. ఇవాళ పెద్ద కాలువల మీద ఆయన స్థానంలో ఉండవలసినవాడు లస్కరు, అంటే కాలువ మీద తూములు చూసుకునే ఉద్యోగి. ఆ లస్కరుకు తగిన జీతం, రాత్రివేళ తోడు, పైనుంచి గట్టి అండ ఇవ్వకుండా, ప్రతి సీజనులో కాలువ గట్ల మీద నిషేధాజ్ఞలు పెట్టి పోలీసులను నిలబెట్టడం ప్రభుత్వాల అలవాటైపోయింది. నీటిని కాపలాతో పంచలేమని, పంచే మనిషి మీద గురి ఉంటేనే పంచగలమని ఆ పల్లెలకు తెలుసు.

కాబట్టి జలాశయం నిండబోయే ఏడాదికి నా కోరిక సూటిగా ఉంది. నారుమళ్లు పోయకముందే, ఐసీసీ తన నిర్ణయాన్ని క్యూసెక్కులతో పాటు ఎకరాల్లోనూ, డిస్ట్రిబ్యూటరీల వారీగా ప్రకటించాలి. లోకలైజేషన్‌కు మించి వేసిన వరికి నీటి బాధ్యత తమది కాదని ఆ ప్రకటనలోనే రాయాలి. మొదటి తడి చివరి డిస్ట్రిబ్యూటరీ నుంచి మొదలవ్వాలి. వారం వారం 104వ మైలు గేజీ ఎంత చూపిందో తల దగ్గర ఉన్న మా క్యాంపుల తూముల పక్కన కూడా పలక మీద తెలుగులో, కన్నడలో రాసి పెట్టాలి. పొద్దున్నే మడికి వెళ్లే మా బాబాయి తన మళ్లలో నిలిచిన నీటిని, ఆ పలక మీది అంకెను ఒకే చూపులో చూడాలి.