పురుడు పోయడానికి అమెరికా వచ్చే అమ్మలకు

కూతురికి ఏడో నెల రాగానే కావలిలోనో, కందుకూరులోనో, ఒంగోలులోనో అమ్మ సూట్‌కేసు సర్దడం మొదలుపెడుతుంది. వెల్లుల్లి కారం, బాలింత కాయం, శొంఠిపొడి, మెంతులు, తెలగపిండి, పిల్లకు ఆముదం, వసకొమ్ము. ఈమధ్య వీటికి మందుల షాపులో కొన్న శతావరి పొడి డబ్బా కూడా తోడైంది. మనవరాలికో మనవడికో పాలు సమృద్ధిగా పడాలనే ఈ తాపత్రయమంతా. ఇక్కడి మన ఇళ్లల్లో ఎన్నో పురుళ్లు దగ్గరుండి చూసినదాన్నిగా నాకు తెలిసొచ్చింది ఒక్కటే. బాలింతకు పాలు తగ్గడం చాలాసార్లు తిండి దగ్గర మొదలుకాదు. నాలుగోనాడో ఐదోనాడో ఇంట్లో ఎవరో ఒకరు "పాలు చాలుతున్నట్టు లేదే" అన్న దగ్గర మొదలవుతుంది.

ఆ మాట వెనకాలే డబ్బాపాలు వస్తాయి. సీసా తాగిన బిడ్డ మూడు గంటలు కదలకుండా నిద్రపోతుంది. "చూశారా, పాపం ఇన్నాళ్లూ ఆకలితోనే ఏడ్చింది" అంటారు. ఆ మూడు గంటలూ తల్లి రొమ్ము నిండి అలాగే ఉంటుంది. పాలు తీసినకొద్దీ ఊరతాయి, నిలవ ఉన్నకొద్దీ ఊట తగ్గుతుంది. శరీరానికి తెలిసిన లెక్క అదే. మర్నాటికి పాలు నిజంగానే కాస్త తగ్గుతాయి, సీసా ఇంకొకటి పెరుగుతుంది. కొన్నాళ్లకు "నాకు పాలు పడవు" అని ఆ పిల్లే అందరికీ చెప్పడం మొదలుపెడుతుంది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది, ఎందుకంటే వాళ్లలో చాలామందికి పాలు పడ్డాయి. పడ్డ పాలను నిలబెట్టుకోనివ్వలేదు.

కాన్పయి మాయ బయటపడ్డాక హార్మోన్లు మారి పాల ఊట మొదలవుతుంది. మొదటి రెండు మూడు రోజులు వచ్చేవి ముర్రుపాలు, అవీ చెంచాల లెక్కనే. అప్పుడే పుట్టిన బిడ్డ పొట్టకు అంతకన్నా అక్కర్లేదు. పాలు నిండుగా పడేది మూడో నాడు, నాలుగో నాడు. సిజేరియన్ అయినా, తొలి కాన్పైనా, తల్లికి షుగర్ ఉన్నా ఇంకో రోజో రెండు రోజులో ఆలస్యం కావచ్చు. ఈ రోజుల్లో బిడ్డ బరువు కాస్త తగ్గడం మామూలే. తగ్గుదల 10 శాతానికి చేరితే డాక్టర్ చూడాలి. రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకు రావాలి. అప్పటిదాకా రోజుకు 8 నుంచి 12 సార్లు, రాత్రిపూట కూడా, పాలివ్వాలి. పాలను ఊరించే ప్రొలాక్టిన్ రాత్రిళ్లే ఎక్కువగా ఉంటుంది. అందుకే "నువ్వు పడుకో తల్లీ, రాత్రికి నేను సీసా పట్టిస్తాలే" అనే అమ్మ మంచి మనసుతో అన్నా, కూతురి పాలకు ఎసరు పెడుతోంది.

పాలు ఊరడం ఒక ఎత్తు, చేపడం, అంటే ఊరిన పాలు కిందికి దిగడం, ఇంకో ఎత్తు. ఒంగోలు ఆవును సాకినవాళ్లకు దీని గురించి వేరే చెప్పక్కర్లేదు. దూడను వదిలి నాలుగు గుక్కలు తాగనిస్తేనే అది చేపుతుంది. కొత్త మనిషి చెంబు పట్టుకొని పొదుగు దగ్గర కూర్చుంటే పాలు ఎగబట్టుకుంటుంది. ఆడమనిషికైనా పాలు చేపడానికి ఆక్సిటోసిన్ అనే హార్మోను కావాలి. నొప్పి, భయం, సిగ్గు దానికి అడ్డుపడతాయి. కుట్లు సలుపుతుంటే, చుట్టూ నలుగురు కూర్చుని "వస్తున్నాయా, వస్తున్నాయా" అని అడుగుతుంటే ఏ తల్లికి చేపుతాయి?

పోయినేడు కావలిలో మా పెద్దమ్మ మనవరాలు సిజేరియనై ఇంటికొచ్చిన రోజుల్లో నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. సాయంత్రమైతే బిడ్డ ఒకటే ఏడుపు. "ఏందమ్మా, ఇప్పుడే గదా తాగింది, మళ్లీ అట్టా ఏడస్తా ఉండాది. పాలు పళ్లేదేమో, డబ్బా తెప్పించండి" అంది పెద్దమ్మ. ఆ పిల్ల ముఖం మాడిపోయింది. అదృష్టం కొద్దీ అదే సమయానికి ఆశా కార్యకర్త వచ్చింది. మన దగ్గర కాన్పు తర్వాత 42 రోజుల్లోపు ఆరుసార్లు ఇంటికొచ్చి బిడ్డను చూడటం వాళ్ల పని. ఆమె డబ్బా మాట ఎత్తనే లేదు. బిడ్డకు చుట్టిన గుడ్డలన్నీ విప్పేసింది. వెల్లకిలా పడుకొని మెడ మాత్రం తిప్పి తాగుతున్న బిడ్డను పక్కకు తిప్పి, పొట్టను తల్లి పొట్టకు ఆనించింది. కుట్ల మీద బరువు పడకుండా దిండు పెట్టింది. చనుమొనతో బిడ్డ పై పెదవిని రాసి, నోరు ఆవులించినంత తెరిచేదాకా ఆగి, అప్పుడు దగ్గరికి లాగింది. గడ్డం రొమ్ముకు తగిలింది, కింది పెదవి బయటికి తిరిగింది, మొన ఒక్కటే కాకుండా దాని చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా చాలావరకు నోట్లోకి వెళ్లింది. అప్పటిదాకా వచ్చిన చప్పరింపు పోయి గుటకలు వినపడ్డాయి. "గుటక వినపడిందా పాపా? అదీ తాగడమంటే. ముక్కుతా మూలుగుతా ఇయ్యాల్సిన పన్లేదు. నొప్పెడతంటే పట్టు సరిగా లేదని, తీసి మళ్లీ పట్టించు" అంది. తర్వాత మా పెద్దమ్మ వైపు తిరిగి, "అవ్వా, పొద్దుట్నించి ఎన్ని గుడ్డలు తడిపింది?" అని అడిగింది. లెక్కేస్తే ఏడు.

పాలు చాలుతున్నాయో లేదో చెప్పేది ఆ తడిగుడ్డలే. ఐదో రోజు దాటాక ఇరవై నాలుగు గంటల్లో ఆరు, ఆపైన తడిపితే, పసుపుపచ్చగా విరేచనమవుతుంటే, బరువు పెరుగుతుంటే పాలు చాలుతున్నట్టే. సాయంత్రాలు గంటకోసారి తాగుతానని బిడ్డ మారాం చేయడం, కొన్ని వారాలకు రొమ్ములు మెత్తబడటం, పంపు పెడితే రెండు ఔన్సులు కూడా రాకపోవడం, ఇవేవీ పాలు లేవనడానికి గుర్తులు కావు. బిడ్డ లాగినంత బాగా ఏ పంపూ లాగదు. రొమ్ము పరిమాణానికీ పాలకూ సంబంధం లేదు.

తిండి సంగతి. తెలగపిండి, మునగాకు, వెల్లుల్లి, మెంతుల చారు మంచి తిండి. పాలిచ్చే తల్లికి రోజుకు దాదాపు 500 కేలరీలు అదనంగా కావాలి గనక కడుపునిండా పెట్టండి. పత్యం పేరుతో పప్పు, కూర, పెరుగు మాన్పించి కారప్పొడి అన్నంతో సరిపెట్టడం, "నీరు పడుతుంది" అని మంచినీళ్ల దగ్గర కట్టడి చేయడం మాత్రం ఇకనైనా ఆపాలి. దాహమైనప్పుడల్లా తాగనివ్వండి. నెల్లూరు దగ్గర మైపాడు వైపు బాలింతకు సొరపుట్టు, అంటే సొరచేప పొడికూర, పెట్టనిదే పాలు పడవంటారు. ఆ వెల్లుల్లి వాసన తలుచుకుంటే నాకూ నోరూరుతుంది గానీ, సొరచేపలో పాదరసం ఎక్కువని పాలిచ్చే తల్లులు దాన్ని తినొద్దని ఆహారం, మందుల మీద నిఘా ఉంచే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ చెబుతోంది. నెత్తళ్లు వండిపెట్టండి, వాటిలో ఆ భయం తక్కువ. మెంతుల మాత్రలు, శతావరి పొడి పాలు పెంచుతాయనడానికి గట్టి రుజువు లేదు. షుగర్ మందులు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు మెంతుల మాత్రల జోలికి అసలే పోకూడదు. పాలు పెరుగుతాయని ఊరి నుంచి డాంపెరిడోన్ అనే వాంతుల మందు షీట్లు తెచ్చే అలవాటు కూడా ఉంది మనకు. ఆ మందుకు అమెరికాలో ఆమోదం లేదు. గుండె లయ దెబ్బతినే ప్రమాదం ఉందని, పాల కోసం వాడొద్దని ఎఫ్‌డీఏ 2004లోనే హెచ్చరించింది. బిడ్డకు తేనె నాకించడం ఏడాది నిండేదాకా వద్దే వద్దు.

నిజంగానే పాలు తక్కువ పడే తల్లులు కొందరుంటారు. థైరాయిడ్, పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య, కాన్పులో విపరీతంగా రక్తం పోవడం, మాయ ముక్క లోపల మిగిలిపోవడం, పాత రొమ్ము ఆపరేషన్, ఇలా కారణాలు ఉంటాయి. బిడ్డ మగతగా పడి ఉంటే, గుడ్డలు తడవకపోతే, కామెర్లు ముదురుతుంటే ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. డబ్బాపాలు పట్టమంటే పట్టాలి. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు, ఎవరూ ఆ తల్లిని ఒక్క మాట అనకూడదు. కాకపోతే సీసా పట్టిన ప్రతిసారీ పంపు కూడా పెట్టుకుంటే ఊట నిలబడుతుంది.

ఇక్కడ అమెరికాలో కాన్పయ్యే మన అమ్మాయిలకు ఇంటికొచ్చే ఆశా కార్యకర్త లేదు. మామూలు కాన్పైతే దాదాపు 48 గంటలకు, సిజేరియనైతే దాదాపు 96 గంటల్లోపు ఇంటికి పంపేస్తారు, చాలామందికి పాలు సరిగా పడేది ఆ తర్వాతే. అందుకని ఆసుపత్రి వదలకముందే పాలివ్వడం నేర్పే నిపుణురాలిని, లాక్టేషన్ కన్సల్టెంట్‌ను, పిలిపించుకోండి. పంపుకూ ఈ సలహాకూ చాలా ఇన్సూరెన్సులు డబ్బు కడతాయి. మన దేశంలో 2017 నుంచి మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో సెలవుంది. ఇక్కడ చట్టం ఇచ్చేది 12 వారాలు, అదీ జీతం లేకుండా, అదీ అందరికీ కాదు. 2022 డిసెంబరులో వచ్చిన పంప్ చట్టం ప్రకారం ఏడాది పాటు ఆఫీసులో పాలు తీసుకోవడానికి విరామం, బాత్రూం కాని గది ఇవ్వాలి. వీసా భయంతో మన అమ్మాయిలు మేనేజరును ఆ గది అడగడానికే జంకుతున్నారు. అడగండి. అది మీ హక్కు.

అమ్మలకు నా మనవి. బిడ్డను ఎత్తుకోవద్దని ఎవరంటారు? రాత్రి డైపర్ మార్చి తెచ్చి కూతురి ఒళ్లో పెట్టండి, తాగాక తేన్పు తీసి నిద్రపుచ్చండి. ఆ పని అల్లుడికీ నేర్పండి. పాలివ్వడం ఒక్కటి తల్లికి వదిలి మిగతావన్నీ ఇంటిల్లిపాది పంచుకుంటే ఆ పిల్ల నిద్రపోతుంది, పాలూ నిలుస్తాయి.

ఇక్కడి మన తెలుగు సంఘానికి కూడా ఒక మాట. శ్రీమంతాలకు చీరలు, గాజులు ఘనంగానే పెడుతున్నాం. కాన్పైన వారానికే నలభై మందిమి బిడ్డను చూడటానికి వెళ్తున్నాం. వచ్చినవాళ్ల కోసం చీర కట్టుకొని హాల్లో కూర్చున్న బాలింత, బిడ్డ ఏడుస్తున్నా లేచి లోపలికి వెళ్లడానికి మొహమాటపడటం నేను కళ్లారా చూశాను. మొదటి రెండు వారాలు చూడటానికి వెళ్లడం మానేద్దాం, వంతులవారీగా భోజనం క్యారియర్లు పంపుదాం. పాలిచ్చి పిల్లల్ని పెంచిన తల్లుల పేర్లతో ఒక ఫోన్ జాబితా తయారుచేద్దాం. వచ్చే కార్యవర్గ సమావేశంలో ఈ రెండు విషయాలూ ప్రతిపాదిస్తున్నాను. పేరివ్వాలనుకునేవాళ్లు ముందుగానే చెప్పండి. ముఖ్యంగా అర్ధరాత్రి ఫోన్ వచ్చినా ఎత్తగలిగినవాళ్లు కావాలి.