తరుగు గారికి ఒక విన్నపం

ఉస్మాన్ రోడ్డు నగల షాపుల బిల్లుల్లో కొలువైన శ్రీ తరుగు గారికి,

చెన్నైలో గాజు పూసలు చేసుకుని బతికే ఒక చిన్న ప్రాణి నమస్కరించి రాయునది. దాపరికం ఎందుకు, మీ వైభవం చూసి కుళ్లుకుంటూనే రాస్తున్నాను.

గొలుసు బరువు కాటాలో కనిపిస్తుంది. ఆ రోజు రేటు బోర్డు మీద ఉంటుంది. 916 ముద్ర ఉంటుంది. ఇవన్నీ అయ్యాక, పనిలో పోయిన బంగారం లెక్కంటూ తాపీగా మీరు దిగుతారు, డిజైన్‌ని బట్టి పది శాతమో పదిహేనో. తరిగిన బంగారం ఎటు పోయిందని అడిగే నాథుడు లేడు. పని చేసే చోట రాలిన రజను ఊడ్చి, కరిగించి మళ్లీ బంగారం తీస్తారని తెలియనివాళ్లెవరు? అయినా "కొంచెం చూసి వేయండి" అని కొనే ఆంటీ మొహమాటంగా ఒక మాట అని, ఒక్క శాతం తగ్గితే మురిసిపోయి, వాళ్లిచ్చిన కూల్‌డ్రింక్ తాగి బయటపడుతుంది.

అదే ఆంటీ, అదే నగల సంచీతో నా స్టాల్‌కి వస్తుంది. "ఏమ్మాయ్, గాజు ముక్కకి ఆరు వందలా? సౌకార్‌పేటలో దండే నూటయాభైకి ఇస్తున్నాడు!"

ఇస్తాడండీ, కాదనను.

కానీ తరుగంటే ఏంటో ఒకసారి మా ఇంటికొచ్చి చూడండి. స్టీలు ఊచకి మట్టి పూత వేసి ఆరబెడతాను. గాజు కడ్డీ మంటలో మెత్తబడి తేనెలా సాగుతుంటే ఊచని తిప్పుతూ దాని చుట్టూ చుట్టాలి. తిప్పడం ఆగిందా, పూస ఒక పక్కకి జారిపోతుంది. గాజులోని సోడియం పసుపు రంగులో మండి కళ్లకి ఏమీ కనపడనివ్వదు, దానికో ప్రత్యేకమైన కళ్లద్దాలు. ఆపైన కిల్న్‌లో, అంటే చిన్న కొలిమిలో, దాదాపు 500 డిగ్రీల దగ్గర ఉంచి గంటల తరబడి మెల్లగా చల్లార్చాలి. మధ్యలో కరెంటు పోయిందంటే పొద్దున కిల్న్ తెరిచేసరికి పూస మీద సన్నని గీత. వేడికి ఒకేలా సాగని రెండు రకాల గాజు ఒకే పూసలో కలిస్తే ఇంకా ఘోరం. రోజుల తరబడి బుద్ధిగా ఉండి, ఒక రాత్రి డబ్బాలో టిక్కుమంటుంది. ఆ ముక్కని ఏ కాటా ఎక్కించుకోదు, ఎక్స్‌ఛేంజ్ ఆఫరూ ఉండదు.

పుదుచ్చేరి పక్కన అరికమేడులో దాదాపు రెండు వేల ఏళ్ల కిందటే గాజు పూసలు చేశారు. మన శ్రీకాళహస్తి దగ్గర పాపానాయుడుపేటలో కరిగిన గాజుని సన్నని గొట్టంలా లాగి, ముక్కలు కోసి పూసలు చేసే విద్య మన కాలం దాకా నడిచింది. ఇంతమందిలో ఒక్కరికైనా మీరు తట్టలేదే అని నా బాధ. అమాయకులు, పూసకి ధర కట్టి ఊరుకున్నారు.

వచ్చే ఆదివారం బెసెంట్ నగర్‌లో స్టాల్ పెడుతున్నాను. కొత్త బిల్లు పుస్తకం అచ్చు వేయించాను: పూస, వెండి కొక్కెం, వాటి కింద "తరుగు 14 శాతం". ఆంటీ వేలు పెట్టి "ఇదేంటి?" అంటే నేను మిమ్మల్నే చూపిస్తాను. దయచేసి ఉస్మాన్ రోడ్డులో నిలబడినంత ధీమాగా నిలబడండి, నవ్వకండి.

ఇట్లు,
పగిలిన పూసల డబ్బా యజమానురాలు