స్మార్ట్ చెత్తబుట్ట గారి సముఖమునకు

చెయ్యి దగ్గరికి రాగానే మూత తానే తెరిచే గౌరవనీయులైన స్మార్ట్ చెత్తబుట్ట గారికి,

ఉభయకుశలోపరి. ఈ ఏడాది కూడా వైజ్ఞానిక ప్రదర్శనలో ప్రథమ బహుమతి తమరినే వరించినందుకు అభినందనలు. నిరుడు నీలిరంగులో వేంచేసిన తమరు ఈసారి ఆకుపచ్చలో దర్శనమిచ్చారు. అంతకుమించి తేడా ఏదీ కనిపించకపోయినా, చార్టు మీద 'నూతన ఆవిష్కరణ' అని స్కెచ్ పెన్నుతో రాసి ఉంది కనుక నమ్మాము. తమరి సెన్సరునే తగిలించుకుని ఏటా తమరి పక్కన నిలబడే అంధుల చేతికర్ర గారు ద్వితీయ బహుమతితో సరిపెట్టుకున్నారు.

తమరి జన్మవృత్తాంతం చార్టులో లేదు. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళితే ప్రోగ్రామును నడిపే ఆర్డునో బోర్డు, ఎదుట ఏముందో పసిగట్టే అల్ట్రాసోనిక్ సెన్సరు, మూతను కదిపే చిన్న సర్వో మోటారు, 9 వోల్టుల బ్యాటరీ విడివిడిగానే దొరుకుతాయి. కానీ విడిగా కొంటే పిల్లలు వాటిని కలపాలి, కలిపేటప్పుడు తప్పకుండా ఒక వైరు తప్పుగా గుచ్చుతారు, ఆ తప్పేదో వెతకడానికి రెండు పీరియడ్లు పోతాయి, ఆ రెండు పీరియడ్లలో సిలబస్ వెనకబడుతుంది. ఇంత అనర్థం జరగకూడదనే తమరు ప్రోగ్రాముతో సహా సర్వాంగసంపూర్ణులై దిగారు. మూతకు రంగుకాగితం అంటించి, చార్టును కంఠస్థం చేసే మహత్కార్యం మాత్రం పిల్లలకు మిగిలింది.

అయినా తమరు అప్పుడప్పుడు చదువు చెప్పబోతారు. అదే తమరిలోని లోపం. ఈసారి ముఖ్య అతిథి గారు అప్పుడే కప్పించుకున్న ఊలు శాలువాతో తమరి ముందు నిలబడితే మూత తెరుచుకోలేదు. తమరి సెన్సరు మనిషి చెవికి అందని 40 కిలోహెర్ట్జ్ ధ్వనిని వదిలి, ప్రతిధ్వని ఎంతసేపటికి తిరిగివస్తుందో కొలుస్తుంది. 20 సెంటీమీటర్ల దూరంలో చెయ్యి ఉంటే సెకనులో వెయ్యో వంతు కన్నా కాస్త ఎక్కువ సమయంలో అది తిరిగి వచ్చేస్తుంది. మెత్తని ఊలు ఆ ధ్వనిని చాలావరకు పీల్చుకుంటుంది. వెనకాల నిలబడిన ఏడో తరగతి అమ్మాయి "శాలువా తీస్తే తెరుచుకుంటుందేమో సార్" అన్నది. ఆ సభలో పలికిన ఏకైక శాస్త్రీయ వాక్యం అదే. "ముందు చార్టు చదువమ్మా" అన్నారు సైన్సు సారు.

తర్వాత అరచెయ్యి చాపితే తెరవబోయారు గాని, మూత టపటపా కొట్టుకోవడం మొదలైంది. సర్వో కదలబోయే క్షణంలో లాగే కరెంటును ఆ చిన్న బ్యాటరీ ఇవ్వలేక వోల్టేజీ పడిపోవడం, బోర్డు ఆగి మళ్లీ మొదలవడం, మొదలవగానే మోటారు మళ్లీ కదలబోవడం... ఒక నెల పాఠాలకు సరిపడే విద్యుత్తు అందరి కళ్లముందు ఆడుతుండగా, సారు జేబులోంచి కొత్త బ్యాటరీ తీసి మార్చారు. చప్పట్లు మోగాయి.

తమరి బంధువర్గం విషయమూ ఒకటి మనవి చేయాలి. 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబ్ పథకం కింద, 6 నుంచి 12వ తరగతి వరకు పిల్లలు చేతులతో చేసి చూడాలని, ఎంపికైన బడికి 20 లక్షల రూపాయల దాకా ఇస్తున్నారు. అలాంటి గదిని ఒకచోట చూశాను. సెన్సర్లు అద్దాల బీరువాలో, బీరువా తాళం చెవి ప్రధానోపాధ్యాయుల టేబుల్ సొరుగులో, సొరుగు తాళం చెవి సెలవులో ఉన్న గుమాస్తా దగ్గర ఉన్నాయి. అక్కడి సారును తప్పుపట్టలేము; కరెంటును అదుపు చేసే రెసిస్టరు పెట్టకుండా 9 వోల్టుల బ్యాటరీకి కలిపి ఒక పిల్లవాడు చిన్న ఎల్‌ఈడీని మాడ్చేస్తే, వాడికి నాలుగు రోజులు గుర్తుండే పాఠం, ఆయనకు స్టాక్ రిజిస్టరులో సంజాయిషీ. 2025 బడ్జెట్లో ప్రభుత్వ బడులకు అయిదేళ్లలో మరో 50 వేల ల్యాబులు ప్రకటించారు. బీరువాలు చేసేవారికి శుభవార్త.

కావున తమరికి నా విన్నపం ఏమనగా, వచ్చే ఏడాది దయచేసి విడిభాగాలుగానే వేంచేయండి. బహుమతి పోతే పోనివ్వండి. ఆ ఏడో తరగతి అమ్మాయికి తమరిని ఒక్క వారం అప్పగించండి. తిరిగి అతుక్కుంటారని హామీ ఇవ్వలేను.

ఇట్లు,
తమరి అభిమాని, ఒక విద్యార్థి తండ్రి

తా.క.: ప్రదర్శన ముగిశాక సమోసాలు తిన్న కాగితపు ప్లేట్లను తమరిలో వేయబోతే, "లోపల వైర్లు ఉన్నాయి, పాడైపోతాయి" అని వలంటీరు ఆపేశాడు. హాలు మూలనున్న మామూలు బుట్టలో వేశాము. దానికి మూత లేదు.