మహారాజశ్రీ ఎర్త్ వైరు గారికి

మహారాజశ్రీ ఎర్త్ వైరు గారి దివ్య సముఖానికి,

కడియపులంకలో కాలవగట్టు కింద నర్సరీ పెట్టుకుని బతికే ఒక అల్పుడు నమస్కరించి రాసుకునేది. ఉభయకుశలోపరి. ఉభయులమంటే తమరూ, పికప్ బండీ. మేమూ, మా బంతి మొక్కలూ ఆ లెక్కలోకి రాము.

తమరిని నేరుగా సంబోధించే భాగ్యం ఇంతకాలం కలగలేదు. కలిగే వీలు ఎక్కడిది? బానెట్ ఎత్తగానే బ్యాటరీ కనపడుతుంది, రేడియేటరు కనపడుతుంది, పోయినేడాది పోసిన కూలెంట్ మరక కూడా కనపడుతుంది. తమరు మాత్రం ఇంజన్‌లోంచి కరెంటుని బ్యాటరీకి తిరిగి చేర్చే ఉద్యోగం పెట్టుకుని, ఇంజన్ కింద, ఆ చీకట్లో, చాసిస్‌కీ (అదే, బండి ఇనుప చట్రానికీ) ఇంజన్‌కీ మధ్య జానెడు పొడవున అజ్ఞాతవాసం చేస్తుంటారు.

నిన్న తెల్లవారుజామున విశాఖపట్నం లోడు. ఎండెక్కేలోపు తుని దాటించాలని కుర్రాళ్ళు చీకటితోనే లేచి బంతి కవర్లు పేర్చి, నీళ్ళు కొట్టి, పైన పచ్చ వల కట్టారు. డ్రైవర్ తాళం తిప్పాడు. "టక్." మళ్ళీ తిప్పాడు. "టక్." లైట్లు దివ్యంగా వెలుగుతున్నాయి. హారన్ కొడితే ఊరంతా లేచింది, ఇంజన్ తప్ప.

ఇక మొదలైంది తమరి లీల. బండి ఆగిందంటే మా ఊళ్ళో డాక్టర్లకి కొదవా! డీజిల్లో గాలి చేరిందని ఒకాయన ఫిల్టరు మీద చేతిపంపు నొక్కడం మొదలెట్టాడు. బాబూ, ఇంజన్ తిరిగి అంటుకోకపోతే కదా డీజిల్ గొడవ, ఇక్కడ అసలు తిరగడమే లేదు అంటే, వినకుండా నొక్కుతూనే ఉన్నాడు. క్లచ్ స్విచ్ అన్నాడొకడు. నిమ్మకాయ మార్చి ఎన్నాళ్ళయింది అని అడిగాడు ఇంకొకడు. నెట్టి సెకండ్ గేర్‌లో వదలండి అన్న మహానుభావుడికి కాలవగట్టు చూపించాను. లోడు బండిని ఆ ఎత్తు ఎక్కించాలంటే గజేంద్రుణ్ణి పిలవాలి. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే, నా కాల్ వాళ్ళకి చాలా ముఖ్యమని ఒకమ్మాయి చెప్పింది. చెబుతూనే ఉంది. మెకానిక్ గారు "దార్లోనే ఉన్నానండి, ఆయ్" అన్నారు. ఎవరి దార్లో ఉన్నారో అడగలేదు.

ఈలోపు బ్యాటరీ కొట్టాయన వచ్చాడు. మూత కూడా తియ్యకుండానే "సెల్లు పోయిందండి" అన్నాడు. నా చేతిలో మీటరు 12.6 వోల్టులు చూపిస్తోంది. నిండుగా ఛార్జి ఉన్న బ్యాటరీ అంటే అదే కదయ్యా అంటే, "మీటర్లు అలాగే చెప్తాయండి" అన్నాడు. నా బ్యాటరీ వెళ్ళింది, కొత్తది వచ్చింది, డబ్బు పోయింది. తాళం తిప్పాం. "టక్."

అప్పటికి దార్లోంచి దిగిన మెకానిక్ గారు, అయితే తాళం తిప్పగానే ఇంజన్‌ని తిప్పాల్సిన సెల్ఫ్ మోటారే పోయిందని తేల్చి దాన్ని ఊడదీసి టౌనుకి పంపించారు. లోపల కరెంటు అందించే బొగ్గులు మార్చి, కడిగి, మధ్యాహ్నం దాటాక తెచ్చి బిగించారు. 1912లో కాడిలాక్ కారుకి ఈ సెల్ఫ్ పెట్టి, చేత్తో హ్యాండిల్ తిప్పే బాధ తప్పించారట అమెరికావాళ్ళు. ఆ హ్యాండిలే ఉండి ఉంటే నిన్న నా బండి బయల్దేరేది. "టక్."

తమరు ఇదంతా కింద నుంచి చూస్తూనే ఉన్నారు. బ్యాటరీ మీద నింద పడితే పలకలేదు. సెల్ఫ్‌ని విప్పి బల్ల మీద పడుకోబెడితే పలకలేదు. నాకు ఒళ్ళు మండేది అక్కడే. తమరు తెగిపోయి ఉంటే గౌరవించేవాణ్ణి. తెగిన వైరు తెగినట్టు వేలాడుతుంది, గుడ్డివాడికైనా చేతికి తగులుతుంది. తమరు తెగలేదే! రెండు కొసలా బోల్టులు బిగించుకుని, ఉద్యోగం చేస్తున్నట్టే ఉన్నారు. "టక్" మనడానికి కావలసిన కాసిని ఆంపియర్లు మర్యాదగా పంపిస్తూనే ఉన్నారు. పదిమందిలో మంచివాడు! సెల్ఫ్ తిరగడానికి వందల ఆంపియర్లు అడిగేసరికి మాత్రం చేతులెత్తేశారు. చిలుం పట్టిన తమరి కొస దగ్గర కరెంటుకి ఓమ్‌లో నూరో వంతు అడ్డు ఉంటే చాలు, 200 ఆంపియర్ల దగ్గర 2 వోల్టులు అక్కడే ఆవిరి. తమరి దగ్గర అడ్డు అంతకంటే ఘనం.

నాలుగింటికి ఎరువు దింపడానికి వచ్చిన ట్రాక్టర్ పెద్దాయన కాసేపు చూసి, "ఎర్తు చూశారా బాబూ?" అన్నాడు. అందరూ బ్యాటరీ మైనస్ దగ్గర బోల్టు చూపించారు. ఆయన ఏం మాట్లాడకుండా ఒక జంపర్ కేబుల్ తీసి, ఒక కొస మైనస్‌కీ, రెండో కొస ఇంజన్ ఇనుముకీ తగిలించి, "కొట్టండి" అన్నాడు.

స్టార్ట్ అయింది. ఒక్క దెబ్బకి.

ఇంజన్ కూర్చునేది రబ్బరు మౌంట్ల మీద కదండీ, రబ్బర్లోంచి కరెంటు పోదు. సెల్ఫ్ నుంచి బ్యాటరీకి తిరిగి రావాలంటే ఆ వంతెన తమరే. ఆయన కిందకి దూరి, చాసిస్ వైపు బోల్టు మీద వేలు పెట్టి వెంటనే తీసేశాడు. పొద్దుట్నుంచీ కొట్టిన సెల్ఫుల వేడి అంతా అక్కడే ఉంది. బోల్టు చుట్టూ ఎర్ర తుప్పు, రాగి అల్లిక కొసన పచ్చటి చిలుం. మొక్కలకి కొట్టే ఎరువు నీళ్ళు బాడీ చెక్కల సందుల్లోంచి కారి కారి సరిగ్గా తమరి నెత్తిమీదే పడుతున్నాయి. అభిషేకాలు!

ఆధారాలు లేకుండా నింద వెయ్యకూడదని, కేబుల్ తీయించి మీటరు పెట్టాను. ఒక వైరు మైనస్ మీద, ఒకటి ఇంజన్ మీద, సెల్ఫ్ కొట్టమన్నాను. అర వోల్టు దాటకూడదు. 4 దాటింది. దొరికావు.

అవును, దొరికావు. ఇక మీరూ తమరూ అనడం నావల్ల కాదు. ఒరేయ్, సీటు బెల్టు పెట్టుకోకపోతే లైటు, తలుపు సరిగా పడకపోతే లైటు, డాష్‌బోర్డు నిండా దీపావళి. నీకు మాత్రం లైటు లేదు, శబ్దం లేదు, సిగ్గు లేదు. కొత్త వైరు ఖరీదు రెండు టీలూ, ఒక ప్లేటు గారెలూ. దానికోసం నాతో బ్యాటరీ కొనిపించావు, బాగున్న సెల్ఫ్‌కి ఆపరేషన్ చేయించావు, బంతి మొక్కల్ని ఎండలో పడుకోబెట్టావు. సాయంత్రానికి పూలు తలలు వాల్చేశాయి. విశాఖపట్నంలో మొక్కల కోసం ఎదురుచూసిన గృహప్రవేశం వాళ్ళు ఫోన్లో అన్న మాటలు నీకు ఒక్కొక్కటీ అప్పజెప్పాలని ఉంది.

నిన్ను విప్పేశాం. చాసిస్ మీద పెయింటు గీకి, గరుకు కాగితంతో ఇనుము తళతళలాడేదాకా రుద్ది, కొత్తవాణ్ణి బిగించి, పైన వాజలీన్ పట్టించాం. వాడి మీదా నమ్మకం లేక, మైనస్ నుంచి నేరుగా ఇంజన్‌కి ఇంకొకణ్ణి కూడా వేయించాం. ఇద్దరూ ఒకరి మీద ఒకరు నిఘా పెట్టుకుని బతకండి.

ఇట్లు,
తమరి దయవల్ల కొత్త బ్యాటరీకి యజమాని అయిన
నర్సరీవాడు

తా.క.: పాత బ్యాటరీ తిరిగి ఇమ్మని పొద్దున కొట్టుకి వెళ్ళాను. "అది నిన్ననే పోయిందండి, మంచి కండిషన్లో ఉందని ఎవరో ఆటోకి వేయించుకున్నారు" అన్నాడు.