చాకులాంటిది కాని ఒక చాకుకు ఉత్తరం

సత్యనారాయణపురం,
విజయవాడ.

మ.రా.రా.శ్రీ మడత చాకు గారికి,

నమస్కారాలు. మీరు మా టీవీ స్టాండు సొరుగులో, పనిచేయని రిమోటుకీ పాత కరెంటు బిల్లులకీ మధ్య క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ కుడి చూపుడువేలు మినహా మేమంతా క్షేమం.

మిమ్మల్ని 'గారు' అనడం ఇదే ఆఖరు. మొదటి వారమంతా మర్యాదగానే చూసుకున్నాను. రెండో వారం వేలు తెగింది. అప్పట్నుంచి మా ఇంట్లో చిన్నాపెద్దా అందరూ నిన్ను ఏకవచనంలోనే తలుచుకుంటున్నారు. నేనూ నువ్వు అనే అంటాను, ఏమీ అనుకోకు.

మనం కలిసింది బీసెంట్ రోడ్డులో. నేను వెళ్లింది అమ్మాయికి స్కూలు సాక్సులు కొనడానికి. తోపుడు బండి మీద నెయిల్ కట్టర్లు, లైటర్లు, చలువ కళ్లజోళ్లు, వాటి మధ్య నువ్వు. నల్లటి ఒళ్లు. బ్లేడు మీద అరుస్తున్న తోడేలు బొమ్మ, దాని కింద 'స్టెయిన్‌లెస్' అని అక్షరాలు. పిడికి ఒక చివర టార్చిలైటు, ఇంకో చివర కారు అద్దం పగలగొట్టుకుని బయటపడటానికి ములికి. నాకు కారు లేదు. అయినా ఆ ములికి చూడగానే ఎందుకో గుండె ధైర్యం వచ్చింది.

బండి అబ్బాయి ఐదొందలు చెప్పాడు. నేను రెండొందలకు అడిగాను. 'మీరు కాబట్టి నూట ఎనభైకి తీసుకోండి సార్' అన్నాడు. అడిగినదానికన్నా తగ్గించి ఇచ్చిన మనిషిని బీసెంట్ రోడ్డులో ఇంతవరకూ ఎవరూ చూసి ఉండరు. అక్కడే అనుమానపడాల్సింది. పడలేదు. ఎందుకంటే అప్పటికే నువ్వు 'టక్' మన్నావు.

ఆ 'టక్' గురించి చెప్పుకోవాలి. నిన్ను తెరిచినప్పుడల్లా వచ్చే ఆ చప్పుడు వింటే బ్యాంకు లాకరు పడ్డంత భరోసా. బండి అబ్బాయి నాలుగుసార్లు తెరిచి మూశాడు. న్యూస్ పేపరు సన్నగా చీల్చి చూపించాడు. నా ముంజేతి మీద రెండు వెంట్రుకలు గీసి చూపించాడు. వారం దాకా అక్కడ బోడిగానే ఉంది. నువ్వు నీట్‌గా చేసిన పని ఏదని ఆలోచిస్తే నాకు అదొక్కటే గుర్తొస్తోంది.

ఇప్పుడు తెలిసింది కానీ, సాన మీంచి అప్పుడే దిగిన ఏ రేకైనా కాగితం కోస్తుంది. నూనె డబ్బా మూతను కాసేపు నూరి చూడు, అదీ కోస్తుంది. చూడాల్సింది మొదటి కాగితం కాదు, ఇరవయ్యో అట్టపెట్టె. అట్ట పదునుని ఇట్టే తినేస్తుంది. నువ్వు మూడో పెట్టెకే చేతులెత్తేశావు. అప్పటికి సాక్సులు ఇంకా ఉతకలేదు కూడా.

మా వైపు పెళ్లి సంబంధాలు మాట్లాడేటప్పుడు 'కుర్రాడు చాకులా ఉంటాడు' అంటారు. నా గురించీ మధ్యవర్తి మా మామగారికి అదే చెప్పాడట. నువ్వు ఇంటికొచ్చిన పదో రోజున మా ఆవిడ నిన్ను చూసి, నన్ను చూసి, 'ఆయన చెప్పింది నిజమేనండీ' అంది.

ఆ పదో రోజు సంగతి. నున్న మార్కెట్ నుంచి కలెక్టరు మామిడికాయలు తెచ్చాను. ముక్కలు కోసి ఉప్పూ కారం చల్లుకుందామని అందరూ కూర్చున్నాం. నిన్ను ప్రారంభోత్సవం చేసినట్టు తెరిచాను. 'టక్'. కాయ మీద పెట్టి నొక్కాను. వాదర, అంటే పదునుండే అంచు, లోపలికి దిగింది, అక్కడితో ఆగింది. ఇంకా నొక్కాను. కాయ తెగలేదు, పగిలింది. సగం నా చేతిలో, సగం ఫ్రిజ్ కింద.

'మామిడికాయ కోస్తున్నారా, కట్టెలు కొడుతున్నారా?' అని మా ఆవిడ లోపలికెళ్లి కత్తిపీట తెచ్చుకుంది. అరనిమిషంలో పళ్లెం నిండింది.

అప్పుడు స్కేలు పెట్టి కొలిచాను. నీ వీపు మందం నాలుగు మిల్లీమీటర్లు. మందంగా ఉంటే బలంగా ఉంటుందని మురిసిపోయిందే నేను. ఆ మందం వాదర దగ్గరికి వచ్చేసరికి సన్నబడాలి. నీది సన్నబడలేదు. చివర్లో కొంచెం గీరి దానికే పదును అని పేరు పెట్టారు. దాంతో నువ్వు వస్తువును కోయవు, మేకులా దిగి విడగొడతావు. పదునుగా ఉండటం వేరు, కోయడం వేరు. కత్తిపీట పదును నీకన్నా గొప్పదేం కాదు, కానీ దాని రేకు పలచన.

ఫ్రాన్స్‌లో సవోయ్ కొండల్లో 1890లో పుట్టిన ఒపినెల్ అనే చాకు ఒకటుంది. చెక్క పిడి, పలచటి బ్లేడు, అంతే. 1955లో పిడి మెడకు తిప్పే స్టీలు ఉంగరం ఒకటి తగిలించారు, బ్లేడు మూసుకుపోకుండా. ఆ తర్వాత దాని అవతారం పెద్దగా మారలేదు. టార్చి లేదు, తోడేలు లేదు. మన వానాకాలం తేమకి చెక్క ఉబ్బి బ్లేడు బిగుసుకుపోతుంది, అదొక చికాకు. కానీ మామిడికాయ కోయమంటే కోస్తుంది. నీకు ఈ సంగతి చెప్పి ఏం లాభం, పక్కింటి పిల్లాడి మార్కులు చెప్పినట్టే.

మర్నాటికి నీ ఒంటి మీద గోధుమరంగు మచ్చలు. పులుపు తగిలి రాత్రంతా అలాగే ఉన్నందుకు. 'స్టెయిన్‌లెస్' అని తోడేలు సాక్షిగా రాసుకున్నావు కదా అని అడిగితే మా అక్క కొడుకు నవ్వాడు. వాడు మెకానికల్ మూడో సంవత్సరం. వాడికి పరీక్షలో రానివన్నీ నా దగ్గర వచ్చేస్తాయి.

'మావయ్యా, ఏ స్టీలో చెప్పకుండా స్టెయిన్‌లెస్ అని మాత్రమే రాస్తే, ఏం వండారో చెప్పకుండా భోజనం కలదు అని బోర్డు పెట్టినట్టు' అన్నాడు. క్రోమియం పది పదిన్నర శాతం దాటితే ఆ పేరు పెట్టుకోవచ్చట. చెంచాలూ స్టెయిన్‌లెస్సే, సింకూ స్టెయిన్‌లెస్సే. చాకుకు కావాల్సింది దాంతో పాటు తగినంత కార్బన్. చవక చాకుల్లో కాస్త పరువైనదని వాడు చెప్పిన స్టీలు పేరు 8సీఆర్13ఎంఓవీ. పేరులోనే లెక్క ఉంది: కార్బన్ 0.8 శాతం, క్రోమియం 13 శాతం. ఇంకొంచెం డబ్బు పెడితే డీ2 అట. అందులో కార్బన్ ఒకటిన్నర శాతం, క్రోమియం 12 దాకా. పదును చాలాకాలం నిలుస్తుంది, కానీ ఆ క్రోమియంలో చాలా భాగాన్ని కార్బన్ పట్టేసుకుంటుంది కాబట్టి తుడవకుండా పెడితే తుప్పు పడుతుంది. సాన పట్టడమూ కష్టమే.

'అయితే డీ2 అని రాసి ఉన్నది కొంటే సరి' అన్నాను.

'రాయడానికేం మావయ్యా, నీ చాకు మీద స్టెయిన్‌లెస్ అని రాయలేదూ.'

ఇంకో మాట కూడా అన్నాడు. ఒకే బస్తాలో బియ్యం ఇద్దరికిస్తే ఒకరింట్లో అన్నం, ఒకరింట్లో జావ. స్టీలూ అంతే. ఎంత వేడికి కాల్చారు, ఎలా చల్లార్చారు, మళ్లీ ఎంతసేపు కాచారు అన్నదాన్ని బట్టే గట్టిదనం. దాన్ని రాక్‌వెల్ అంకెల్లో చెబుతారు, మంచి జేబు చాకులు 56 నుంచి 60 దాకా ఉంటాయి. నీకు ఆ పరీక్ష అక్కర్లేకుండానే ఫలితం వచ్చింది. ప్లాస్టిక్ ట్యాగు ఒకటి కోయబోతే నీ వాదర విరగలేదు, పక్కకి మడత పడింది. మడత చాకు అంటే అర్థం ఇదని నేననుకోలేదు.

ఇక వేలు సంగతి.

గీజరు వచ్చిన అట్టపెట్టెకి మొన పెట్టి పొడిచాను. మొన దిగలేదు, నువ్వు మూసుకున్నావు. మధ్యలో నా వేలుంది. రెండు కుట్లు, ఒక ఇంజెక్షను. క్లినిక్‌లో నర్సమ్మ ఏం తగిలిందని అడిగింది. చాకు అన్నాను. 'ఎవరు పొడిచారు?' అంది. దానంతటదే అన్నాను. నమ్మలేదు. ఆఫీసులో వేలిముద్ర మిషను మూడు రోజులు నన్ను గుర్తుపట్టలేదు. రెండు సీఎల్లు కట్ అయ్యాయి. నూట ఎనభైలో అవి కలపలేదు నేను, కలిపితే నువ్వు స్విట్జర్లాండు సరుకు ధర పలుకుతావు.

మా పెదనాన్న గుంటూరు మిర్చి యార్డులో ఓ కమీషను కొట్లో నలభై ఏళ్లు గుమాస్తాగా చేశాడు. దుర్గమ్మ దర్శనానికి వచ్చి, మా ఇంట్లో భోంచేసి, వేలికి కట్టు చూసి 'ఏదిరా అది, ఇలా తే' అన్నాడు. ఆయన జన్మలో స్టీలు పేర్లు వినలేదు.

ముందు తెరవలేదు. మూసి ఉండగానే ట్యూబ్‌లైటు కేసి పెట్టి సందులోంచి చూశాడు. బ్లేడు మధ్యలో లేదు, ఒక పక్కకి ఒరిగి పిడి రేకును రాసుకుంటోంది. తర్వాత మెల్లగా తెరిచాడు, అసలు 'టక్' మనకుండా. అలా తెరిస్తే ఇసుక నమిలినట్టు గరగరమంది. నేను ఇన్నాళ్లుగా టక్కుమని తెరుస్తూ ఆ గరగర ఒక్కసారీ వినలేదు. మొన పట్టుకుని అటూ ఇటూ ఊపాడు, కదిలింది. 'ఇది స్క్రూ బిగిస్తే పోద్ది' అన్నాడు. కిందికీ పైకీ ఊపాడు, అదీ కదిలింది. 'ఇది పోదు' అన్నాడు.

లోపల బ్లేడు తోకకి అడ్డంగా వచ్చే సన్నటి రేకు ఉంది చూడు, లాకు అంటే అదే. ఆ రేకు తోక మందంలో మూడో వంతైనా ఆనుకోవాలి. నీది గోరంత కొసతో ఆనుకుని ఉంది, బస్సు ఫుట్‌బోర్డు మీద ఒంటికాలితో వేలాడే వాడిలా. వేళ్లన్నీ దూరంగా పెట్టి, బ్లేడు వీపును చెక్క బల్ల మీద మెల్లగా తట్టాడు. రెండో తట్టుకే మూసుకున్నావు. ఆఖర్న వాదరను లైటు కింద తిప్పాడు. పదునున్న వాదర మీద వెలుగు నిలవదట. నీ వాదర పొడవునా దీపావళి.

ఒక్కటే మాట అన్నాడు. 'తాలు.'

నీకు తెలియదేమో, రంగు పోయి తెల్లబారిన మిరపకాయని తాలు అంటారు. టిక్కీ, అంటే మిరప బస్తా, పైన ఎర్రటి కాయ పరిచి అడుగున తాలు పెట్టేవాళ్లుంటారు. అందుకే పెదనాన్న పైకాయ ఎప్పుడూ చూడడు, మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగు నుంచి తీస్తాడు. నేను నీ పైకాయని చూసి కొన్నాను. తోడేలు, టార్చి, ములికి, చప్పుడు, అన్నీ పైకాయలే.

'పోనీలే పెదనాన్నా, నూట ఎనభై రూపాయలకి ఇంకేం వస్తుంది' అన్నాను.

'తాలుకీ రేటుందిరా. యార్డులో రోజూ అమ్ముతాం. తాలు అని చెప్పి అమ్ముతాం. తేజా రకం మిర్చి అని రాసి అమ్మితే లారీ వెనక్కొస్తుంది.'

తన చొక్కా జేబులోంచి చాకు తీశాడు. బస్తాల పురికొస కోయడానికి వాడినది. నల్లబడిపోయింది, నూరి నూరి బ్లేడు సగమే మిగిలింది. లాకు లేదు, వెనక స్ప్రింగు ఒక్కటే. దాంతో కలెక్టరు కాయ కోశాడు, ముక్కలోంచి అవతల మనిషి కనిపించేంత సన్నగా. నీ లాకు కన్నా లాకు లేని ఇదే నయమా అన్నాను. 'దీనికి లాకు లేదని నాకు తెలుసు. నీదానికి ఉందనుకున్నావు' అని, చాకుని తువ్వాలుకి తుడిచి జేబులో వేసుకున్నాడు.

నిన్ను బాగుచేద్దామని కూడా చూశాను సుమా. సైకిలు మీద సాన పట్టే అతను వీధిలోకి వస్తే నీకూ పట్టించాను. ముప్పై రూపాయలు. నిప్పురవ్వలు బాగా వచ్చాయి, వీధిలో పిల్లలు చప్పట్లు కొట్టారు. వాదర నీలంరంగు తిరిగింది. అంత వేడెక్కితే ఉన్న గట్టిదనం కూడా పోతుందని మేనల్లుడు సాయంత్రం చెప్పాడు. నీళ్లు చల్లి చదును రాయి మీద మెల్లగా నూరుకోవాల్సింది. వాడు ఎప్పుడూ సాయంత్రమే చెబుతాడు.

హైదరాబాద్ వెళ్లేటప్పుడు గన్నవరం ఎయిర్‌పోర్టులో నువ్వు నా చేతి బ్యాగులో ఉండిపోయావు. సెక్యూరిటీ ఆయన బయటికి తీశాడు. పీడ వదిలింది, పట్టుకుపోతాడు అనుకున్నాను. ఆయన తెరిచి చూసి, తోడేలునీ నన్నూ మార్చి మార్చి చూసి, 'టైముంది సార్, పెద్ద బ్యాగులో వేసి చెక్ ఇన్ చేసుకోండి, పాపం డబ్బు పెట్టి కొన్నారు' అన్నాడు. మంచివాళ్లు అవసరమైన చోట తప్ప అన్నిచోట్లా ఉంటారు.

కాబట్టి ఇకమీదట నీ డ్యూటీ ఇది. కరెంటు పోయినప్పుడు టార్చి. పాల ప్యాకెట్ కోయడం దాకా అభ్యంతరం లేదని మా ఆవిడ అంటోంది, నాకుంది. బ్లేడు తెరవకూడదు. సొరుగులో రిమోటుతో గొడవ పడకూడదు.

ఇట్లు,
తమరి వల్ల వేలిముద్ర మారిన,
నీ ఓనరు.

తా.క.: నిన్న సోఫా కింద నీ స్క్రూ ఒకటి దొరికింది. తెచ్చి చూస్తే నీకు ఉండాల్సిన స్క్రూలన్నీ ఉన్నాయి. మరి ఇది ఎక్కడిదో తిరుగు టపాలో తెలియజేయగలవు.