గోళ్లు చూసి జబ్బు తేల్చే సందేశానికి ఒక జవాబు

గోళ్లు ఆరోగ్యానికి అద్దమంటూ మొదలయ్యే సందేశం ఒకటి వాట్సాప్ గ్రూపుల్లో కొన్నేళ్లుగా తిరుగుతూనే ఉంది. తెల్ల మచ్చలుంటే కాల్షియం లోపమనీ, గోటి మొదట్లో తెల్లగా కనిపించే నెలవంకలు ఎనిమిది వేళ్లకైనా లేకపోతే రక్తప్రసరణ మందగించిందనీ, నిలువు గీతలుంటే కిడ్నీలు దెబ్బతిన్నాయనీ, పసుపు రంగు తిరిగితే కాలేయం చెడిందనీ అది చెబుతుంది. అంతటితో ఆగకుండా వైద్యం కూడా చెబుతుంది. గోరుచుట్టుకు నిమ్మకాయ తొడగాలట, పుచ్చిన గోటికి వెల్లుల్లి రుద్దాలట, కాలి గోరు కండలోకి దిగితే మధ్యలో 'వి' ఆకారంలో కత్తిరించాలట, గోళ్లు విరుగుతుంటే బయోటిన్ అనే విటమిన్ మాత్రలు వేసుకోవాలట. ఇవన్నీ పాటిస్తే డాక్టరు అవసరమే రాదన్నది దాని ముగింపు.

గోళ్లలో కొన్ని జబ్బుల జాడ కనిపించడం నిజమే. రోగి చేతివేళ్లను పట్టి చూడడం వైద్య పరీక్షలో ఇప్పటికీ భాగమే. ఈ సందేశంతో వచ్చిన చిక్కల్లా, భయపడనక్కరలేని గుర్తులన్నిటికీ భయపెట్టి, నిజంగా పట్టించుకోవలసిన వాటిలో ఒక్కదాన్ని కూడా చెప్పకపోవడం.

ముందు తెల్ల మచ్చల సంగతి చూద్దాం. గోరు కెరటిన్ అనే ప్రోటీన్‌తో తయారవుతుంది. దాని గట్టితనం కెరటిన్ పోగులను కలిపి ఉంచే గంధకపు బంధాల వల్ల వచ్చేదే తప్ప కాల్షియం వల్ల కాదు; గోటి బరువులో కాల్షియం వెయ్యింట ఒకటి రెండు వంతులకు మించదు. వేలి చర్మం కింద గోరు పుట్టే కుదురుకు చిన్న దెబ్బ తగిలినా, గోళ్లు కొరికే అలవాటున్నా, పార్లర్‌లో గోటి మొదలును గట్టిగా వెనక్కి నెట్టినా అక్కడ తయారయ్యే గోరు కొద్దిగా లోపంతో వచ్చి తెల్లగా కనిపిస్తుంది. ఆ దెబ్బ ఎప్పటిదో మనకు గుర్తుండదు, ఎందుకంటే చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు మాత్రమే పెరుగుతుంది. ఆషాఢంలో గోరింటాకు పెట్టుకున్న చేతిని గమనిస్తే ఈ లెక్క కళ్లకు కడుతుంది. వినాయక చవితి నాటికి ఎరుపు సగం గోరు దాటి ముందుకు జరుగుతుంది, వెనక కొత్త గోరు తెల్లగా వచ్చి ఉంటుంది. దసరా నాటికి ఆ ఎరుపు కొసన అంచుగా మిగులుతుంది. గోటి నడుమ కనిపించే తెల్ల మచ్చ కూడా అలాగే కనీసం రెండు నెలల కిందట పుట్టి ముందుకు నడిచి వచ్చినదే. ఈలోగా పాలు తాగినా, కాల్షియం మాత్రలు మింగినా, ఏమీ చేయకపోయినా అది కొసకు చేరి కత్తిరింపులో పోతుంది. పేరు మాత్రం మాత్రలకు దక్కుతుంది. ఇక్కడ తెలుసుకోవలసిన తేడా ఒకటుంది. చుక్కలుగా కాకుండా గోళ్లన్నీ దాదాపు పూర్తిగా తెల్లబారి, కొసన మాత్రమే సన్నటి ఎర్రటి పట్టీ మిగిలితే అది కాలేయం గట్టిపడిపోయే సిరోసిస్‌లోనూ, గుండె వైఫల్యంలోనూ, మధుమేహంలోనూ కనిపించే లక్షణం కావచ్చు కాబట్టి డాక్టరుకు చూపించాలి.

నెలవంకల లెక్కకు ఆధారం లేదు. నెలవంక అంటే గోటి కుదురులో బయటికి కనిపించే ముందు భాగం మాత్రమే. బొటనవేలికి అది పెద్దగా ఉంటుంది, చిటికెన వేలికి వచ్చేసరికి చాలామందిలో చర్మం కిందే దాగిపోతుంది. వయసు పెరిగేకొద్దీ ఇంకా తగ్గుతుంది. పది వేళ్లలో ఎన్నింటికి ఉండాలన్న సంఖ్యను వైద్యశాస్త్రం ఎక్కడా నిర్ణయించలేదు.

నిలువు గీతలు కూడా వయసుతో వచ్చేవే, వాటికి కిడ్నీలతో సంబంధం లేదు. పట్టించుకోవలసినవి అడ్డంగా, గాడిలా పడే గీతలు. ఫ్రెంచి వైద్యుడు జోసెఫ్ ఒనొరే సిమోన్ బో 1846లో వీటిని వర్ణించాడు కాబట్టి వాటికి ఆయన పేరే నిలిచింది. టైఫాయిడ్, డెంగ్యూ వంటి తీవ్రమైన జ్వరం వచ్చినప్పుడు గోటి పెరుగుదల కొన్నాళ్లు ఆగిపోతుంది. జ్వరం తగ్గిన ఒకటి రెండు నెలలకు ఆ ఆగిన చోటే గాడిగా బయటపడుతుంది. దానికి చికిత్స అక్కరలేదు, కానీ అన్ని వేళ్లకూ ఒకే ఎత్తులో గాడి ఉందంటే శరీరం ఏదో పెద్ద జబ్బును దాటివచ్చిందని అర్థం.

పసుపు గోళ్ల విషయంలో కామెర్ల భయం అనవసరం. కామెర్లు ముందుగా కంటి తెల్లగుడ్డులో కనిపిస్తాయి. పాదాలకు పసుపు రాసుకునే ఆడవారికీ, వంటలో పసుపు కలిపే చేతులకూ, ముదురు రంగు నెయిల్ పాలిష్ వరసగా వేసుకునే వారికీ గోళ్లు పచ్చబడడం మామూలే. కాలి గోరు పచ్చబడడంతో పాటు మందంగా మారి, పెళుసై, కింద పొడి రాలుతుంటే మాత్రం ఫంగస్‌ను అనుమానించాలి. అప్పుడు కూడా వెల్లుల్లి రుద్దడం పరిష్కారం కాదు. పచ్చి వెల్లుల్లిని చర్మానికి కట్టి ఉంచితే నిప్పు తగిలినట్టు బొబ్బలెక్కిన సందర్భాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. పైగా రూపం చెడిన గోళ్లలో దాదాపు సగం మాత్రమే ఫంగస్ వల్ల వచ్చేవి, మిగతావాటిలో సోరియాసిస్ అనే చర్మవ్యాధి, పాత దెబ్బలు, బిగుతు చెప్పుల ఒరిపిడి వంటి కారణాలుంటాయి. అందుకే గోటి ముక్కను గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో వేసి, మైక్రోస్కోప్ కింద చూశాకే మందు మొదలుపెట్టడం పద్ధతి. ఫంగస్ అని తేలితే టెర్బినఫిన్ మాత్రలు కాలి గోళ్లకు సాధారణంగా 12 వారాలు వాడిస్తారు. కాలి గోరు పూర్తిగా కొత్తది రావడానికి 12 నుంచి 18 నెలలు పడుతుంది కాబట్టి, మందు పనిచేసినా గోరు వెంటనే బాగుపడినట్టు కనిపించదు. ఈ సంగతి ముందే చెప్పేవారు లేక చాలామంది నడుమలోనే మానేస్తారు.

సందేశంలో నాకు అన్నిటికన్నా ఆందోళన కలిగించేది నిమ్మకాయ సలహా. ఇది మన ఇళ్లలో తరతరాలుగా ఉన్నదే; నిమ్మకాయకు రంధ్రం చేసి, కొంచెం పసుపు వేసి, వాచిన వేలికి తొడుగుతారు. చల్లదనానికి కాసేపు నొప్పి తగ్గినట్టు అనిపించవచ్చు. కానీ గోటి పక్కన పట్టిన చీము నిమ్మరసంతో బయటికి రాదు. దాన్ని డాక్టరు చిన్న గాటుతో తీసేస్తేనే ఆ సలుపు తగ్గుతుంది. చీము ఇంకా పట్టని తొలి దశలో రోజుకు మూడు నాలుగు సార్లు గోరువెచ్చని నీటిలో వేలిని ముంచి ఉంచడం మేలు. మధుమేహం ఉన్నవారు ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకూడదు, వారిలో వేలి చీము ఎముక దాకా పాకే ప్రమాదం ఉంటుంది.

నెలల తరబడి తగ్గుతూ, మళ్లీ వస్తూ ఉండే గోరుచుట్టు వేరే రకం. భీమవరం వైపు రొయ్యల ఫ్యాక్టరీల్లో తలలు తీసి, పొట్టు వలిచే ఆడవారిలో, హోటళ్లలో గిన్నెలు కడిగేవారిలో, రోజంతా బట్టలు ఉతికేవారిలో ఇది వస్తుంది. చర్మానికీ గోటికీ మధ్య ఉన్న సందును మూసి ఉంచే సన్నటి పొర నిత్యం నీటిలో నానడం వల్ల ఊడిపోతుంది, ఆ సందులోకి నీరూ సబ్బూ చేరి వాపు నిలిచిపోతుంది. అలాంటి వేలికి నిమ్మరసం పోయడమంటే గోరుచుట్టు మీద రోకటి పోటే. వీరికి కావలసినది పొడిదనం. రబ్బరు తొడుగుల లోపల పలుచటి నూలు తొడుగులు వేసుకోవడం, పని అయ్యాక వేళ్ల సందులు తుడుచుకోవడం, రాత్రి గోటి మొదట్లో వాజలీన్ కానీ కొబ్బరి నూనె కానీ రాయడం, అప్పటికీ తగ్గకపోతే డాక్టరు రాసిచ్చే పూత మందు వాడడం. ఆ తొడుగులు కొని ఇవ్వవలసింది పని ఇచ్చేవారే. అందం కోసం ఆ పొరను కత్తిరించే పార్లర్‌లు కూడా ఇదే హాని చేస్తాయి.

'వి' ఆకారపు కత్తిరింపుకు అర్థం లేదు. గోరు కుదురు నుంచి ముందుకే పెరుగుతుంది, కొసన గాటు పెట్టినంత మాత్రాన అంచులు నడుమకు లాక్కోబడవు. కాలి గోళ్లను స్నానం తర్వాత మెత్తగా ఉన్నప్పుడు అడ్డంగా, తిన్నగా కత్తిరించాలి. మూలలను లోతుగా తీయడం, బిగుతు బూట్లు, ఈ రెండే గోరు కండలోకి దిగడానికి ముఖ్య కారణాలు. బయోటిన్ లోపం చాలా అరుదు. రోజుకు సుమారు 30 మైక్రోగ్రాములు సరిపోతాయి, దుకాణంలో దొరికే మాత్రలో 10 మిల్లీగ్రాములు కూడా ఉంటుంది. అంత మోతాదు గుండెపోటును గుర్తించే ట్రోపోనిన్ పరీక్షనూ, థైరాయిడ్ పరీక్షలనూ తారుమారు చేయగలదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లోనే హెచ్చరించింది.

ఇక సందేశం వదిలేసినవి. గోరు నడుమ గుంటపడి, నీటి చుక్క నిలిచేలా ఉంటే ఇనుము లోపాన్ని అనుమానించాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రెండు రాష్ట్రాల్లోనూ 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో సగానికి పైగా రక్తహీనత ఉంది. వేలి కొసలు ఉబ్బి, రెండు చూపుడు వేళ్ల గోళ్లను ఎదురెదురుగా ఆనించినప్పుడు మధ్య ఉండవలసిన చిన్న సందు మూసుకుపోతే ఊపిరితిత్తులకూ గుండెకూ పరీక్షలు అవసరం.

నల్ల గీత మరీ ముఖ్యం. మన చామనఛాయ చర్మం వారిలో అనేక గోళ్లకు సన్నటి నల్ల గీతలు ఉండడం సహజమే. ఒక్క వేలికే, ముఖ్యంగా కాలి లేదా చేతి బొటనవేలికే గీత వచ్చి, వెడల్పవుతూ పక్క చర్మానికి కూడా పాకితే అది మెలనోమా అనే క్యాన్సర్ కావచ్చు. గాయకుడు బాబ్ మార్లేకు 1977లో కాలి వేలి గోరు కింద తేలింది ఈ జబ్బే, 1981లో ఆయన 36 ఏళ్లకే చనిపోయాడు. తలుపు సందున నలిగి కమిలిన మచ్చ అయితే గోటితో పాటు ముందుకు జరుగుతుంది, వెనక శుభ్రమైన గోరు వస్తుంది. కాబట్టి నల్ల మచ్చ కనిపించిన రోజున ఫోన్‌తో ఒక ఫొటో తీసి పెట్టుకుని, నెల తర్వాత మరొకటి తీసి పోల్చి, మచ్చ కదలకపోయినా పెరిగినా చర్మవైద్యుడికి చూపించాలి. చర్మానికి అప్పటికే పాకి ఉంటే ఆ నెల కూడా ఆగకూడదు.