మోడెమ్‌కి నో ఎంట్రీ

లైనక్స్ (విండోస్‌కి బదులు వాడే ఉచిత సిస్టమ్) డెస్క్‌టాప్‌లో డయలప్ మోడెమ్, అంటే ఫోను లైను మీద డేటా పంపే డబ్బా, పెట్టుకోవడం నేరమని ఏ చట్టంలోనూ రాయలేదు. శిక్ష మాత్రం అమల్లో ఉంది.

ఒడిశా గజపతి జిల్లా పర్లాకిమిడిలో రైస్‌మిల్లు నడిపే మా మావయ్య గుణుపురం కొట్టుకి పద్దులు ల్యాండ్‌లైన్ మీదే పంపుతారు. ఇటో మోడెమ్, అటో మోడెమ్. ఆ ఊళ్లో సెల్‌ఫోను గదిలో ఉంటే ఒడిశా టవరు, కిటికీ దగ్గరికెళ్తే ఆంధ్రా వైపు పాతపట్నం టవరు పట్టుకుంటుంది. అందుకే ఆయన నమ్మకం వైరు మీద. డబ్బా మీద వేగం 56 కేబీపీఎస్ (సెకనుకి కిలోబిట్లు) అనున్నా, మామూలు మోడెములు రెండింటి మధ్య 33.6 దాటదు. బస్తాల లెక్కకి అదే ఎక్కువ.

లైనక్స్ ఉన్న కొత్త కంప్యూటరు కొన్నారు. నెట్‌వర్క్ కనెక్షన్ల లిస్టు తెరిచాం. వైఫై ఉంది, వీపీఎన్ ఉంది, సూపర్‌కంప్యూటర్లను కలిపే ఇన్ఫినీబ్యాండ్ కూడా ఉంది. గజపతి జిల్లాలో ఇంటింటికీ అదే కదా మరి! డయలప్ మాత్రం లేదు.

పోనీ చుట్టమే కదాని 'మొబైల్ బ్రాడ్‌బ్యాండ్' నొక్కాం. దేశం ఏదంది. చెప్పాం. కంపెనీ ఏదంది.

"ఏటిరా అబ్బాయ్, ఫోను గోడకుంది గదా! టవరు కంపెనీ అడుగుతాదేటి?"

ఏదో ఒకటి నొక్కితే ప్లాన్ ఏదంది, ఆ తర్వాత ఏపీఎన్ (సెల్ కంపెనీ నెట్‌కి కలిపే చిరునామా) అంది. గిడుగు వారు వాడుక భాష కోసం కొట్లాడిన ఊళ్లో, డెబ్బై దాటిన మనిషిని పట్టుకుని ఏపీఎన్!

అసలు తమాషా లోపలుంది. కింద పనిచేసే మోడెమ్ మేనేజర్ అనే ప్రోగ్రాముకి ల్యాండ్‌లైన్ మోడెమ్ అంటే ఏమిటో తెలుసు, దానికో వర్గం కూడా పెట్టుకుంది. పైనుండి కనెక్షన్లు నడిపే నెట్‌వర్క్ మేనేజరేమో 'ఇది మొబైల్ బ్రాడ్‌బ్యాండ్ మోడెమ్ కాదు' అని తిప్పి పంపేస్తుంది. చెక్‌పోస్టులో ఒకడు కాగితాలు చూసి సరేనన్నాక రెండోవాడు గేటు దించినట్టు. ఫోను లైను మీద కనెక్షన్ నడిపే పాత ప్రోగ్రాము పీపీపీడీ ఇప్పటికీ నిక్షేపంగా పనిచేస్తోంది. కమాండ్లు కొట్టే టెర్మినల్ తెరిచి, మోడెమ్ వాడే అనుమతినిచ్చే డయలౌట్ గ్రూపులో చేరి, సెట్టింగుల ఫైలు చేత్తో రాసుకోవాలి, అంతే. బస్తాలు తూచి వచ్చిన మనిషికి అదో లెక్కా!

ఎందుకయ్యా అంటే, ఎవరూ వాడరట. ఈ మాట మాకు కొత్త కాదు. తెలుగు మాస్టారు రిటైరైతే ఆ పోస్టు ఖాళీగా వదిలేసి, పిల్లలు తగ్గాక 'ఎవరూ చేరడం లేదు' అని బడికి తాళం వెయ్యడం సరిహద్దులో ఉన్నవాళ్లం చూస్తూనే ఉన్నాం. ఎవరయ్యా లెక్కపెట్టింది? ఎక్కడ నిలబడి లెక్కపెట్టారు? నెట్టు ఎక్కనివ్వకుండా ఆపినవాడు, నేనున్నానని మీకు నెట్టులో వచ్చి ఎలా చెప్తాడు?

మావయ్య అటక మీంచి పాత కంప్యూటరు దింపించారు. అందులో కేపీపీపీ అనే పాత డయలప్ ప్రోగ్రాము ఉంది. నంబరు, పేరు, పాస్‌వర్డ్, ఒక బటను. పద్దు గుణుపురం చేరింది. ఫోను బిల్లు ఎంతవుతోందో కూడా అదే లెక్క చూపించింది.